ఆఫీస్ కలర్ పాలెట్‌ను రెవిట్, ఆటోక్యాడ్‌లలో డీఫాల్ట్‌గా ఎక్కడ పెట్టాలి?

వెలిగొండ_ఆర్క్
అందరికీ నమస్కారం. ఇళ్ళ ఎలివేషన్‌ల కోసం 12 షేడ్లతో ఒక పాలెట్ ఖాయమైంది. ప్రతి షేడ్‌కీ పేరు, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువలు ఉన్నాయి (ఉదాహరణకు ఇటుక రంగు 178, 84, 52). ఆఫీసులో 5 సిస్టమ్‌లు, అన్నిట్లో భవనాల మోడల్ చేసే రెవిట్ 2024. ఇబ్బందులు ఇవీ:

ఒక సిస్టమ్‌లో కస్టమ్ కలర్స్ గళ్ళలో రంగులు పెడితే మిగతా నాలుగింట్లో కనపడవు. రూమ్ కలర్ ప్లాన్‌లో ఒక ప్రాజెక్టులో వంటగది ఆకుపచ్చ, ఇంకో ప్రాజెక్టులో ఊదా. రెవిట్ నుంచి డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) తీసి స్ట్రక్చరల్ వాళ్ళకి పంపితే, మోనోక్రోమ్ (అన్నీ నల్లగా ప్రింట్ చేసే సెట్టింగ్) పెట్టినా గీతలు రంగుల్లోనే ప్రింట్ అవుతున్నాయని ఫోన్. కొత్త ఫైల్ తెరవగానే మా రంగులు సిద్ధంగా ఉండాలంటే ఎక్కడెక్కడ మార్చాలి?

రెవిట్_రామం
ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల తేలాల్సిన లెక్కలు. ఒక్క సెట్టింగ్‌తో పోవు. ముందు కస్టమ్ గళ్ళ సంగతి చెప్తాను, తేలిక కాబట్టి.

రంగు ఎంచుకునే డబ్బాలో బేసిక్ కలర్స్ మార్చడానికి దారి లేదు. మన చేతిలో ఉన్నవి 16 కస్టమ్ గళ్ళు. అవి ప్రాజెక్ట్ ఫైల్‌లో సేవ్ కావు, ఆ సిస్టమ్‌లో ఆ యూజర్ తాలూకు రెవిట్.ఐఎన్‌ఐ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో ఉంటాయి. యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, ఆటోడెస్క్, రెవిట్, ఆపైన మీ వెర్షన్ పేరున్న ఫోల్డర్. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదరపు బ్రాకెట్లలో కలర్స్ అనే విభాగం, దాని కింద కస్టమ్‌కలర్1 నుంచి కస్టమ్‌కలర్16 వరకు వరసలు. ఒక్కోదాని ఎదురుగా ఒక్కటే పెద్ద అంకె ఉంటుంది.

ఆ అంకె కట్టే పద్ధతి: ఎరుపు + (ఆకుపచ్చ × 256) + (నీలం × 65536). మీ ఇటుక రంగుకి 178 + 21504 + 3407872 = 3429554. చాలామంది వెబ్‌లో వాడే వరసలో, అంటే ఎరుపుని 65536తో గుణించి కడతారు. అలా చేస్తే 11686964 వస్తుంది, గడిలో ఇటుక రంగు బదులు 52, 84, 178 అనే నీలం కూర్చుంటుంది. గళ్ళలో ఎరుపులన్నీ నీలాలై కనపడితే కారణం ఇదే, ఇంకెక్కడా వెతక్కండి.

రెవిట్ మూసేసి ఉన్నప్పుడే ఆ ఫైల్ మార్చాలి. తెరిచి ఉండగా మారిస్తే, మూసేటప్పుడు రెవిట్ తన దగ్గరున్న పాత విలువలు రాసేస్తుంది. ఇంకో మాట: ఒక సిస్టమ్‌లోని మొత్తం ఐఎన్‌ఐ ఫైల్‌ని మిగతావాటి మీదకి కాపీ చేయకండి. అందులో ఆ యూజర్ ఫోల్డర్ దారులు, ఈమధ్య తెరిచిన ఫైళ్ళ జాబితా కూడా ఉంటాయి. కలర్స్ విభాగం వరకే అతికించండి. కొత్త యూజర్ మొదటిసారి రెవిట్ తెరిచినప్పుడు ప్రోగ్రామ్‌డేటాలో ఆటోడెస్క్, మీ వెర్షన్ ఆర్‌వీటీ ఫోల్డర్, యూజర్‌డేటాకాష్‌లో ఉన్న ఐఎన్‌ఐ నుంచి నకలు తీసుకుంటుంది. అక్కడ కూడా పెట్టేస్తే కొత్తగా చేరేవాళ్ళకి విడిగా చేయనక్కర్లేదు. వెర్షన్ మారితే ఫోల్డర్ మారుతుంది, మళ్ళీ అతికించాలి.

గోడగీత
రామం గారు చెప్పింది సరే కానీ, అసలు ఆ గళ్ళ మీద ఆధారపడటమే తప్పు అని నా అభిప్రాయం. గడి అంటే విలువ అందించే చోటు మాత్రమే. అక్కడి నుంచి ఎంచుకోగానే అంకెలు మెటీరియల్‌లోకి కాపీ అవుతాయి, ఆపై సంబంధం తెగిపోతుంది. రేపు ఇటుక రంగుని 170, 80, 50 చేద్దాం అనుకుంటే గడి మార్చి ఏం లాభం? మోడల్‌లో ఒక్క గోడ కూడా కదలదు.

రంగు ఉండాల్సింది మెటీరియల్‌లో, ఆ మెటీరియల్ ఉండాల్సింది టెంప్లేట్‌లో, అంటే కొత్త ప్రాజెక్టులు మొదలయ్యే నమూనా ఫైల్‌లో. 12 షేడ్లకి 12 మెటీరియల్స్ చేయండి. పేరు ముందు ఆఫీస్ గుర్తు పెడితే అన్నీ ఒకే చోట వరసగా వస్తాయి: "వీఏ-పెయింట్-01-ఇటుక" ఇలా. నంబర్ రెండంకెల్లోనే రాయండి, లేకపోతే 1 తర్వాత 10, 11 వచ్చి 2 వెనక్కి పోతుంది.

ఒక్కో మెటీరియల్‌లో రంగు రెండు చోట్ల ఉంటుందని మర్చిపోవద్దు. గ్రాఫిక్స్ ట్యాబ్‌లో షేడింగ్ రంగు, అప్పియరెన్స్ ట్యాబ్‌లో రెండర్ రంగు. గ్రాఫిక్స్‌లో "యూజ్ రెండర్ అప్పియరెన్స్" టిక్ పెడితే షేడింగ్ రంగుని రెండర్ అసెట్ (అప్పియరెన్స్ ట్యాబ్‌లోని రూపం వివరాలు) నుంచి తీసుకుంటుంది. సాదా పెయింట్‌కి అది పర్వాలేదు. రాయి, చెక్క లాంటి బొమ్మ ఉన్న అసెట్‌కి ఆ టిక్ పెడితే బొమ్మ సగటు రంగు వస్తుంది, అది ఎప్పుడూ ఏదో బురద రంగే. పాలెట్ అంకెలు కచ్చితంగా కావాలంటే టిక్ తీసేసి రెండు చోట్లా చేత్తో కొట్టండి.

అందరూ ఇరుక్కునే చోటు ఇంకోటుంది. ఒక మెటీరియల్‌కి మామూలు డూప్లికేట్ కొడితే కొత్త మెటీరియల్ వస్తుంది కానీ అప్పియరెన్స్ అసెట్ పాతదే, ఇద్దరూ పంచుకుంటారు. రెండోదాని రెండర్ రంగు మార్చగానే మొదటిది కూడా మారుతుంది. అసెట్ పేరు దగ్గర చెయ్యి గుర్తు, పక్కన అంకె కనపడుతుంది, అది ఎన్ని మెటీరియల్స్ పంచుకుంటున్నాయో చెప్తుంది. 0 కాకపోతే అసెట్‌ని డూప్లికేట్ చేశాకే రంగు ముట్టుకోవాలి. లేదా మొదటే రైట్ క్లిక్ చేసి మెటీరియల్‌తో పాటు అసెట్స్ కూడా డూప్లికేట్ చేసే ఆప్షన్ వాడాలి. పెయింట్‌కి వాల్ పెయింట్ రకం అసెట్ మేలు, మెరుపు లేని మ్యాట్ నుంచి మెరిసే గ్లాసీ వరకు ఫినిష్ విడిగా ఎంచుకోవచ్చు. బయటి గోడలకి మ్యాట్ పెట్టండి, గ్లాసీ పెడితే ఎండలో సగం గోడ తెల్లగా మెరిసి మీ షేడ్ ఏదో తెలియదు.

వెలిగొండ_ఆర్క్
బాగా అర్థమైంది గోడగీత గారూ. మెటీరియల్స్ చేసి టెంప్లేట్‌లో పెడితే కొత్త ఫైళ్ళకి సరిపోతుంది. ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టుల సంగతి? వాటిలో కిటికీ ఫ్రేములు అన్నీ డీఫాల్ట్ బూడిద రంగులోనే ఉన్నాయి.

గోడగీత
టెంప్లేట్ మారిస్తే పాత ప్రాజెక్టులకి అందదు. ఫైల్ పుట్టాక టెంప్లేట్‌కి దానికి చుట్టరికం ఉండదు. నడుస్తున్నవాటికి మేనేజ్ ట్యాబ్‌లో ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ స్టాండర్డ్స్ ఉంది. పాలెట్ ఉన్న ఫైల్‌నీ, ప్రాజెక్ట్‌నీ ఒకే రెవిట్‌లో తెరిచి, ప్రాజెక్ట్‌లో నిలబడి ఆ కమాండ్ ఇవ్వాలి. ముందు "చెక్ నన్" కొట్టి, మెటీరియల్స్ ఒక్కటే టిక్ చేయండి. మొత్తం టిక్కులతో ఓకే కొడితే గోడల టైపులు, డైమెన్షన్ స్టైల్స్ అన్నీ వచ్చి పడతాయి, తర్వాత ఏరుకోవడం నరకం.

ఒకే పేరున్నవి ఎదురైతే ఓవర్‌రైటా, కొత్తవే తేవాలా అని అడుగుతుంది. మొదటిసారి పంపుతున్నప్పుడు "న్యూ ఓన్లీ" చాలు. షేడ్ విలువ మార్చి పంపుతున్నప్పుడు ఓవర్‌రైట్. అందుకే పేర్లు ఎక్కడా ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు. ఆ తర్వాత అప్పియరెన్స్ అసెట్‌లు ఒకసారి చూసుకోండి, పేరు వెనక (1) తగిలించుకున్న నకళ్ళు పోగుపడితే పర్జ్ అన్‌యూజ్డ్‌తో తీసేయాలి.

మెటీరియల్ లైబ్రరీ ఫైల్ చేసి సర్వర్‌లో పెట్టడం ఇంకో దారి. మంచిదే, కానీ దాని నుంచి ప్రాజెక్ట్‌లోకి తెచ్చాక అదీ కాపీయే. లైబ్రరీలో మారిస్తే ప్రాజెక్ట్‌లు వాటంతట అవి మారవు.

కిటికీ ఫ్రేములకి: ఫ్యామిలీలో (రెవిట్‌లో కిటికీ, తలుపు లాంటివాటి నమూనా) మెటీరియల్ "బై కేటగిరీ" అని ఉంటే, రంగు ఆబ్జెక్ట్ స్టైల్స్ నుంచి వస్తుంది. మేనేజ్, ఆబ్జెక్ట్ స్టైల్స్, విండోస్ కింద ఫ్రేమ్/మల్లియన్ సబ్‌కేటగిరీ, కుడిపక్క మెటీరియల్ గడి. అక్కడ మీ పాలెట్ మెటీరియల్ పెడితే ఆ కిటికీలన్నీ ఒక్క దెబ్బకి మారతాయి. డీఫాల్ట్ అంటే నా దృష్టిలో అసలు ఇదే. ఎక్కువమంది ఈ గడి వైపే చూడరు. ఒక్కో ఫ్యామిలీ తెరిచి రంగు వేసుకుంటూ కూర్చుంటారు.

రెవిట్_రామం
రూమ్ కలర్ ప్లాన్ సంగతి నేను చెప్తాను. కలర్ స్కీమ్‌కి (ఏ గదికి ఏ రంగో చెప్పే పట్టిక) కొత్త విలువ కనపడగానే రెవిట్ తన వరసలో తర్వాతి రంగు దానికి ఇచ్చేస్తుంది. వంటగది ముందు పెట్టినవాళ్ళకి ఒక రంగు, పడకగది ముందు పెట్టినవాళ్ళకి ఇంకో రంగు. అందుకే ప్రాజెక్టుకో వేషం.

టెంప్లేట్‌లోనే స్కీమ్ నింపేయాలి. ఆర్కిటెక్చర్ ట్యాబ్, రూమ్ అండ్ ఏరియా కింద బాణం, కలర్ స్కీమ్స్. రూమ్స్ కేటగిరీలో కొత్త స్కీమ్, కలర్ దగ్గర డిపార్ట్‌మెంట్. పేరు మీద కాకుండా డిపార్ట్‌మెంట్ మీద కట్టడమే మంచిది. పేర్లలో "కిచెన్" అని ఒకరు, "కిచెన్ " అని చివర ఖాళీతో ఇంకొకరు కొడతారు, రెవిట్‌కి అవి రెండు, రంగులూ రెండు. ప్లస్ బటన్‌తో మీ డిపార్ట్‌మెంట్ విలువలన్నీ ముందే చేర్చి ఒక్కోదానికి ఆర్‌జీబీ కొట్టండి. గదులు ఇంకా లేకపోయినా విలువలు చేర్చుకోనిస్తుంది. "ఇన్ యూజ్" అని ఉన్న వరసను మాత్రం తీసేయనివ్వదు. ముందు గదిలో ఆ విలువ మార్చాలి.

వ్యూ ప్రాపర్టీల్లో కలర్ స్కీమ్ లొకేషన్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంచండి. ఫోర్‌గ్రౌండ్ పెడితే మంచాలు, సోఫాల మీద నుంచి కూడా రంగు పోస్తుంది.

ప్లాట్‌స్టైల్_పంతులు
ఇక డీడబ్ల్యూజీ దగ్గరికి వద్దాం. స్ట్రక్చరల్ వాళ్ళు తప్పు చేయలేదు, తప్పు ఎక్స్‌పోర్ట్ సెటప్‌లో ఉంది.

ఆటోక్యాడ్‌లో రంగు చెప్పే పద్ధతులు మూడు. ఇండెక్స్ రంగులు 1 నుంచి 255, ట్రూ కలర్ (మూడు అంకెల ఆర్‌జీబీ), కలర్ బుక్ (పేర్లున్న రంగుల జాబితా). సీటీబీ అనే ప్లాట్ స్టైల్ (ఏ రంగు గీత ఎలా ప్రింట్ అవ్వాలో చెప్పే) పట్టికలో సరిగ్గా 255 వరసలే ఉంటాయి. ఇండెక్స్ రంగు ఒక్కోదానికి ఒక్క వరస. అందులో వరసలు చేర్చలేం, తీసేయలేం, పేరు మార్చలేం. ట్రూ కలర్ ఉన్న గీతకి ఆ పట్టికలో వరసే లేదు. కాబట్టి మోనోక్రోమ్ సీటీబీ దాన్ని నల్లగా చేయలేదు, ఉన్న రంగులో అలాగే ప్రింట్ చేస్తుంది. మీ ఎక్స్‌పోర్ట్ ట్రూ కలర్‌లో వెళ్తోంది.

రెవిట్‌లో డీడబ్ల్యూజీ ఎక్స్‌పోర్ట్ సెటప్ తెరిచి, కలర్స్ ట్యాబ్‌లో ఇండెక్స్ కలర్స్ (255) ఎంచుకోండి. లేయర్స్ ట్యాబ్‌లో ప్రతి కేటగిరీకి లేయర్ పేరు, కలర్ ఐడీ ఉంటాయి, అక్కడ అంకెలు మీరు అనుకున్నవి కొట్టి ఆ సెటప్‌కి ఒక పేరు పెట్టి సేవ్ చేయండి. ఈ సెటప్ కూడా టెంప్లేట్‌లో ఉండాల్సిందే.

ఆటోక్యాడ్ పాలెట్ గురించి ఒక సంగతి. ఆ 255 రంగుల ఆర్‌జీబీ విలువలు ఎవరూ మార్చలేరు. 1 ఎప్పుడూ ఎరుపే, 2 పసుపే, 3 ఆకుపచ్చ, 4 సయాన్, 5 నీలం, 6 మెజెంటా. 10 నుంచి 249 వరకు పదుల లెక్కన రంగు మారుతుంది, ఆ పదిలో సరిసంఖ్యలు నిండు రంగు, బేసిసంఖ్యలు వెలిసిన రంగు, 0 నుంచి 8 వైపు పోయేకొద్దీ ముదురు. 250 నుంచి 255 బూడిద మెట్లు. కాబట్టి "డీఫాల్ట్ పాలెట్ మార్చడం" అంటే ఆటోక్యాడ్‌లో లేయర్లకి అంకెలు కేటాయించి టెంప్లేట్‌లో పెట్టడం, ఆ అంకెలు కాగితం మీద ఏమవ్వాలో సీటీబీలో రాయడం. ఆప్షన్స్, ఫైల్స్, టెంప్లేట్ సెట్టింగ్స్‌లో క్యూన్యూ (కొత్త డ్రాయింగ్ కమాండ్) కోసం డీఫాల్ట్ టెంప్లేట్ అనే చోట మీ డీడబ్ల్యూటీ (టెంప్లేట్) ఫైల్ పెడితే కొత్త డ్రాయింగ్ దానితోనే పుడుతుంది. సీఈకలర్ (కొత్తగా గీసేవాటి రంగు) విలువ బైలేయర్‌లో, అంటే లేయర్ రంగే తీసుకునేలా ఉంచి సేవ్ చేయండి. టెంప్లేట్ సేవ్ చేసినప్పుడు సీఈకలర్ 1లో మిగిలిపోతే ఆఫీసంతా ఎర్ర గీతలు గీస్తుంది.

నక్షాపని
పంతులు గారూ, ఇంత తంటా ఎందుకు? ఎస్‌టీబీకి (రంగు బదులు స్టైల్ పేరుతో నడిచే ప్లాట్ స్టైల్ పట్టిక) మారిపోతే రంగుకీ ప్రింట్‌కీ సంబంధమే ఉండదు కదా. లేయర్‌కి "సన్నం", "మందం" అని స్టైల్ పేరు ఇస్తాం, రంగు ఏదైనా పెట్టుకోవచ్చు, ట్రూ కలర్ అయినా నల్లగానే ప్రింట్ అవుతుంది.

ప్లాట్‌స్టైల్_పంతులు
సిద్ధాంతం ప్రకారం మీరే కరెక్ట్ అన్నా. ఆచరణలో డ్రాయింగ్ సీటీబీ రకంలో పుట్టిందా, ఎస్‌టీబీ రకంలో పుట్టిందా అనేది ఫైల్‌కే అంటుకుని ఉంటుంది. పీస్టైల్‌పాలసీ అనే సెట్టింగ్ మార్చితే కొత్త డ్రాయింగ్‌లకే వర్తిస్తుంది, పాతవాటికి కన్వర్ట్‌పీస్టైల్స్ కమాండ్ కొట్టాలి. ఎస్‌టీబీ డ్రాయింగ్ పంపితే అవతలివాళ్ళకి ప్లాట్ స్టైల్ జాబితాలో వాళ్ళ సీటీబీ కనపడదు కూడా. చుట్టూ ఉన్న కన్సల్టెంట్‌లు, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ వాళ్ళు అందరూ సీటీబీలో ఉంటే మీరొక్కరే ఎస్‌టీబీలో ఉండి రోజూ ఫోన్లు ఎత్తుకోవాలి. బయటికి ఫైళ్ళు పోని ఆఫీసైతే ఎస్‌టీబీ హాయి.

నేను చెప్పేది మధ్యే మార్గం. గీతలన్నీ ఇండెక్స్‌లో, రంగు నింపే సాలిడ్ హ్యాచ్‌లు మాత్రం ట్రూ కలర్‌లో. సీటీబీ ట్రూ కలర్‌ని ముట్టుకోదు అన్నాం కదా, దాన్నే పనికొచ్చేలా తిప్పుకోవడం. మోనోక్రోమ్ పెట్టి ప్రింట్ ఇస్తే గీతలు నల్లగా, ఎలివేషన్ గోడ మీద హ్యాచ్ సరిగ్గా 178, 84, 52గా వస్తాయి. హెచ్‌పీకలర్, హెచ్‌పీలేయర్ అని హ్యాచ్‌కి విడిగా డీఫాల్ట్ రంగు, లేయర్ ఉన్నాయి. లేదా ఒక్కో షేడ్‌కి హ్యాచ్ గీసి టూల్ పాలెట్ మీదకి లాగి వదలండి, లేయర్, రంగు గుర్తుపెట్టుకుంటుంది.

12 షేడ్లకి పేర్లతో సహా ఆటోక్యాడ్ రంగుల డబ్బాలోనే కావాలంటే కలర్ బుక్ చేసుకోవచ్చు. ఏసీబీ ఫైల్, లోపల ఎక్స్‌ఎంఎల్, ఒక పేజీకి 10 రంగుల వరకు పడతాయి, మీకు రెండు పేజీలు. ఆప్షన్స్‌లో ఫైల్స్ కింద కలర్ బుక్ లొకేషన్స్‌లో సర్వర్ ఫోల్డర్ చేర్చితే 5 సిస్టమ్‌లకీ ఒకటే బుక్. ఫోటోషాప్‌కి కూడా ఏసీబీ అనే ఫైళ్ళు ఉన్నాయి, ఎక్స్‌టెన్షన్ ఒకటే కానీ లోపలి కథ వేరు, అవి పట్టుకొచ్చి పెడితే ఆటోక్యాడ్ చదవదు.

నక్షాపని
ఆ హ్యాచ్ ఉపాయం బాగుంది. పాత డ్రాయింగ్‌లలో బ్లాకుల లోపల రంగులు ఒక్కో ఆబ్జెక్ట్‌కి నేరుగా కొట్టి ఉంటాయి. వాటిని ఎలా దారికి తేవాలో కూడా చెప్పండి.

ప్లాట్‌స్టైల్_పంతులు
సెట్‌బైలేయర్ కమాండ్. అన్నీ సెలెక్ట్ చేశాక రెండు ప్రశ్నలు అడుగుతుంది: బైబ్లాక్‌ని బైలేయర్ చేయాలా, బ్లాకుల లోపలికి కూడా వెళ్ళాలా. మొదటిదానికి నో, రెండోదానికి ఎస్. మొదటిదానికి ఎస్ కొడితే, బ్లాక్‌ని ఏ లేయర్‌లో పెడితే ఆ రంగు రావాలని బైబ్లాక్‌లో గీసిన ఫర్నిచర్ అంతా పాడవుతుంది. లాక్ చేసిన లేయర్లను వదిలేస్తుంది, ముందు తాళాలు తీయండి. తర్వాత లేట్రాన్స్ కమాండ్‌తో పాత లేయర్లని మీ లేయర్లకి జతపరిచి ఆ జాబితాని డీడబ్ల్యూఎస్ (స్టాండర్డ్స్) ఫైల్‌గా సేవ్ చేస్తే వచ్చే ఫైల్‌కి ఒక్క క్లిక్.

ఎక్స్‌రెఫ్‌లో (షీట్‌కి జతచేసిన బయటి డ్రాయింగ్) బేస్ ఫైల్ రంగు మార్చినా మీ షీట్‌లో మారకపోతే వీఐఎస్‌రిటైన్ సెట్టింగ్ చూడండి. 1 ఉంటే మీ షీట్‌లో గుర్తుపెట్టుకున్న లేయర్ రంగే నెగ్గుతుంది.

సున్నంబొట్టు
ఒక హెచ్చరిక. ఈ లేట్రాన్స్ జోరులో పర్మిషన్ డ్రాయింగ్ జోలికి పోకండి. మునిసిపల్ ఆన్‌లైన్ పరిశీలనకి ఇచ్చే ఫైల్‌లో లేయర్ పేర్లు వాళ్ళు చెప్పినవే ఉండాలి. అందానికి పేర్లు మార్చితే సాఫ్ట్‌వేర్‌కి ప్లాట్ ఏదో, సెట్‌బ్యాక్ ఏదో తెలియక వెనక్కి కొడుతుంది. దానికి విడిగా టెంప్లేట్ ఉంచండి.

కాగితం మీద ఇచ్చే ప్లాన్‌కి రంగులు మన ఇష్టం కాదు. జాతీయ భవన నియమావళి 2016 రెండో భాగంలో ప్లాన్‌ల రంగుల పట్టిక ఉంది. ప్లాట్ హద్దు మందపాటి నలుపు. ఉన్న రోడ్డు ఆకుపచ్చ, రాబోయే రోడ్డు ఆకుపచ్చ చుక్కల గీత. కట్టబోయేది ఎరుపు నింపి. కూల్చబోయేది పసుపు హ్యాచ్. డ్రైనేజీ, మురుగు లైన్లు ఎరుపు చుక్కలు, నీళ్ళ లైను సన్నని నల్ల చుక్కలు. ఖాళీ స్థలానికి రంగు వేయరు.

దీనికి విడి సీటీబీ కావాలి. మోనోక్రోమ్‌ని నకలు తీసి వేరే పేరు పెట్టి, స్టైల్స్‌మేనేజర్ నుంచి తెరిచి, కలర్_1, కలర్_3లకి మాత్రం "యూజ్ ఆబ్జెక్ట్ కలర్" పెట్టండి. కలర్_2కి అలా పెట్టొద్దు. 255, 255, 0 పసుపు తెల్ల కాగితం మీద హ్యాచ్‌గా సన్న గీతల్లో పడితే ఎవరికీ కనపడదు. ఆ వరసలో కలర్‌కి 225, 170, 0 లాంటిది ఇచ్చి, లైన్‌వెయిట్ 0.25 చేయండి. స్క్రీన్ మీద పసుపే ఉంటుంది, కాగితం మీద చదవగలిగే పసుపు పడుతుంది. మిగతా 252 వరసలూ నలుపే.

ఇంకో చిక్కు నలుపు తెలుపు జిరాక్స్. ఎరుపు 255, 0, 0ని బూడిదలోకి మార్చితే (0.299, 0.587, 0.114 గుణకాలతో) సుమారు 76 వస్తుంది. ముదురు ఆకుపచ్చ 0, 128, 0కి 75. జిరాక్స్‌లో ఆ రెండూ ఒకటే. ఇండెక్స్ 3 అయితే 0, 255, 0 కాబట్టి 150, తేడా తెలుస్తుంది. అందుకని సీటీబీలో ఆకుపచ్చని "బాగుంటుంది" అని ముదురు చేయకండి. ఎరుపు ఆకుపచ్చ తేడా కంటికి ఆనని వాళ్ళకీ ఇది పనికొస్తుంది.

గోడగీత
ఈ బూడిద లెక్క పాలెట్‌కీ వేసి చూడాల్సిందే. వెలిగొండ గారి ఇటుక రంగుకి 53.2 + 49.3 + 5.9, అంటే 108. దాని పక్కన వాడే ఆలివ్ ఏ 110, 118, 90 లాంటిదో అయితే 112. రంగులో ఎంత వేరైనా గ్రేస్కేల్ ఎలివేషన్‌లో రెండు గోడలూ కలిసిపోతాయి. ఆలివ్‌ని 170, 182, 145కి తేలిక చేస్తే 174 దాకా పోతుంది. పక్కపక్కన వాడే షేడ్ల మధ్య కనీసం 30 తేడా ఉంటే జిరాక్స్‌లో నిలబడతాయి. ఇది రూలు కాదు, పని జరిగే అంకె.

పెయింట్ కంపెనీ వాళ్ళు ఇచ్చే ఆర్‌జీబీ స్క్రీన్ కోసం దగ్గర విలువ మాత్రమే. క్లయింట్ సంతకం షేడ్ కార్డ్ నంబర్ మీద తీసుకోండి, ప్రింట్ మీద కాదు. మెటీరియల్ ఐడెంటిటీ ట్యాబ్‌లో కామెంట్స్, మోడల్ గళ్ళు ఉన్నాయి, షేడ్ కోడ్ అక్కడ రాస్తే మెటీరియల్ టేకాఫ్ షెడ్యూల్‌లోకి (మెటీరియల్స్ కొలతల పట్టిక) నేరుగా వస్తుంది.

బొమ్మలమేడ
స్కెచ్‌అప్ వాడేవాళ్ళకి రెండు ముక్కలు. కొత్త ఫేస్‌కి (తలం) వచ్చే తెలుపు, వెనకవైపు నీలి బూడిద మెటీరియల్స్‌లో వెతికినా దొరకవు, అవి స్టైల్‌లో ఉంటాయి. స్టైల్స్, ఎడిట్, ఫేస్ సెట్టింగ్స్‌లో మార్చి, అప్‌డేట్ గుర్తు నొక్కి, ఆ ఫైల్‌ని "సేవ్ యాజ్ టెంప్లేట్" చేయాలి. వెనకవైపు రంగుని ముందువైపులాగే చేయకండి, తిరగబడిన ఫేస్‌లు పట్టుకునే ఆధారం అదొక్కటే.

పాలెట్‌కి: 12 రంగులూ ఒక ఖాళీ మోడల్‌లో చేసి, ఒక్కోదాన్ని ఎస్‌కేఎం (స్కెచ్‌అప్ మెటీరియల్) ఫైల్‌గా ఒకే ఫోల్డర్‌లో సేవ్ చేసి, విండోస్‌లో మెటీరియల్స్ డబ్బా నుంచి ఆ ఫోల్డర్‌ని ఫేవరెట్స్‌కి చేర్చండి. టెంప్లేట్ మోడల్‌లోనే పెడితే పర్జ్ కొట్టినప్పుడు వాడనివి ఎగిరిపోతాయి, ఫోల్డర్‌లో ఉన్నవి భద్రం.

వెలిగొండ_ఆర్క్
అందరికీ ధన్యవాదాలు. ఐఎన్‌ఐ, మెటీరియల్స్, ఎక్స్‌పోర్ట్ సెటప్ పెట్టాను, డీడబ్ల్యూజీ ఇప్పుడు నల్లగానే ప్రింట్ అవుతోంది. రెండు మిగిలాయి. రెవిట్ షేడెడ్ వ్యూ నుంచి తీసిన పీడీఎఫ్‌లో ఇటుక రంగుని కలర్ పికర్‌తో చూస్తే 178, 84, 52 కాదు, గోడకో అంకె వస్తోంది. ఇంకోటి, డీడబ్ల్యూజీలో కొన్ని టెక్స్ట్‌లు స్క్రీన్ మీద ఉన్నాయి, కాగితం మీద మాయం.

రెవిట్_రామం
మొదటిది: షేడెడ్‌లో వెలుతురు లెక్క కలుస్తుంది, సూర్యుడి వైపు గోడ తేలిక, అవతలిది ముదురు. వ్యూ అడుగున విజువల్ స్టైల్‌ని "కన్సిస్టెంట్ కలర్స్" చేయండి, ప్రతి గోడా మీరు కొట్టిన అంకెలోనే ఉంటుంది. నీడలు ఆన్‌లో ఉంటే నీడ పడ్డ చోట మళ్ళీ మారుతుంది, పాలెట్ షీట్‌కి నీడలు తీసేయండి. ఈ రెండూ వ్యూ టెంప్లేట్‌లో పెట్టి ఎలివేషన్‌లన్నిటికీ తగిలించండి. పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో కలర్స్ దగ్గర "కలర్" ఉందో లేదో కూడా చూసుకోండి, గ్రేస్కేల్‌లో మిగిలిపోవడం మామూలే.

ప్లాట్‌స్టైల్_పంతులు
రెండోది: ఆ టెక్స్ట్‌లకి రంగు ఏముందో ప్రాపర్టీస్‌లో చూడండి. 255, 255, 255 అని మూడంకెలు ఉంటే అది ట్రూ కలర్ తెలుపు, తెల్ల కాగితం మీద తెల్లగా పడుతోంది. ఇండెక్స్ 7 అయితే నల్ల తెర మీద తెల్లగా, తెల్ల తెర మీద నల్లగా తిరగబడుతుంది, కాగితం మీద నల్లగానే వస్తుంది. మోడల్ స్పేస్ డీఫాల్ట్ తెర 33, 40, 48, దాని మీద రెండూ ఒకేలా కనపడతాయి, అందుకే స్క్రీన్ మీద దొరకదు. పేపర్ స్పేస్‌కి మారి తెల్ల షీట్ మీద చూస్తే ఏవి మాయమయ్యాయో తెలుస్తుంది. క్విక్ సెలెక్ట్‌లో కలర్ 255,255,255 ఉన్నవన్నీ పట్టుకుని బైలేయర్ చేసి, ఆ లేయర్‌ని 7లో పెట్టండి. అవి బ్లాకుల్లో ఉంటే క్విక్ సెలెక్ట్‌కి అందవు, పైన చెప్పిన సెట్‌బైలేయరే దిక్కు.